నవాబు చలికాలము



పూర్వ విద్యార్థులు ఏదైనా వ్రాయవలసినదని సంచిక సంపాదక వర్గమువారు కోరినప్పుడు, ఆనవాయితీ ప్రకారము విద్యను గురించియో, క్రమశిక్షణను గురించియో నాలుగు మాటలు వ్రాయవచ్చునని మొదట అనుకున్నాము. కాని కలము పట్టుకొని కూర్చున్నంతనే మా మనస్సుకు వచ్చినది ఒక తాబేలు. దానిని ఎంత ప్రక్కకు నెట్టినను కదలలేదు. తాబేలును నెట్టి చూచినవారికి ఈ సంగతి తెలియును. కనుక దానిని గురించియే వ్రాయుచున్నాము.

మా ఊరు గార్ల. 2016 అక్టోబరు వరకు ఖమ్మం జిల్లాలో ఉండి, అటుపిమ్మట మహబూబాబాద్ జిల్లాలో చేరినది. మా చిన్ననాట తాబేలు అనగా చెరువులోనిది, లేదా బావిలోనిది. బావిలో తాబేలు ఉన్నచో నీరు చెడిపోదని పెద్దలు నమ్మేవారు. వేసవిలో చెరువు అడుగంటినప్పుడు తాబేళ్ళు బురదలో పూడుకొనిపోయి, తొలకరి చినుకు పడగానే మరల పైకి వచ్చేవి. మా ప్రాంతపు తాబేలుకు శత్రువు ఎండ. చలి కూడ ఒక తాబేలును చంపగలదన్న ఆలోచన మాకు ఏనాడూ కలుగలేదు.

మా ఆపా, అనగా మా అక్కగారు, మాకంటె నాలుగేండ్లు పెద్ద. చెరువుగట్టున పిల్లలము తాబేలును వెల్లకిలా త్రిప్పి, అది కాళ్ళు కొట్టుకొనుచుండగా నవ్వుచుంటే, ఆమె వచ్చి మమ్ములను చెడామడా తిట్టి, దానిని బోర్లించి నీటిలో విడిచిపెట్టేది. ఆ తిట్లలో ఎక్కువ భాగము మాకే దక్కేది.

తరువాత 1970 దశకములో కళాశాల విహారయాత్రలో భాగముగా హైదరాబాదు వెళ్ళి నెహ్రూ జంతు ప్రదర్శనశాలను చూచాము. అది 1963 అక్టోబరు 6వ తేదీన ప్రారంభమైనది. అందు గాలపాగోస్ ద్వీపములకు చెందిన మహా తాబేలు ఒకటి ఉండేది. బాగే ఆమ్ నుండి, అనగా పబ్లిక్ గార్డెన్స్ నుండి, ఆ సంవత్సరముననే దానిని అక్కడకు తరలించారు. మేము చూచినప్పుడు అది ఆకుకూర నములుచున్నది. మా తోటివారు దానిని చూచి రాయి అనుకొని ముందుకు సాగిపోయారు. ఆ తాబేలు 2024 మార్చిలో మరణించినది. వయస్సు దాదాపు 125 ఏండ్లని అధికారులు ప్రకటించారు. అనగా మేము విద్యార్థులుగా చూచిన నాటికే అది వృద్ధురాలైన మా నాయనమ్మ కంటె పెద్దది. దానికి మేత వేసిన సేవకులు ఎందరో కొలువులో చేరి, పదవీ విరమణ చేసి వెళ్ళిపోయి ఉందురు. తాబేలును సాకుట ఒక మనిషి కొలువు కాలములో ముగిసే పని కాదు. ఈ సంగతి మాకు డాలస్ నగరములో బోధపడినది.

మా బావగారు గతించిన పిమ్మట, 2012లో మా మేనల్లుడు తల్లిని అమెరికాకు, టెక్సాస్ రాష్ట్రములోని డాలస్ శివారుకు తీసుకొనివెళ్ళాడు. 2020 డిసెంబరులో మేము అక్కడకు వెళ్ళినది ఆమెను చూచుటకు మాత్రమే కాదు, గార్లకు తిరిగి తీసుకొని వచ్చుటకు. ఇంటికి సున్నము వేయించాము. వంటయింటి కప్పు బాగుచేయించాము. మోకాళ్ళ నొప్పితో, చలిదేశములో, నాలుగు గోడల మధ్య ఆమె ఎందుకుండవలెనని మా వాదన. ఆమె కూడ ఫోనులో ఎన్నోమార్లు "వచ్చేస్తాను భాయ్" అని అన్నది. (మా ఇంటి మాట ఉర్దూ. పాఠకుల సౌకర్యార్థము తెలుగున వ్రాయుచున్నాము.)

వెళ్ళిన మరునాడు ఉదయము ఆమె మమ్ములను పెరటిలోని చెక్క గది వద్దకు తీసుకొనివెళ్ళి తలుపు తీసినది. లోపల వెచ్చగా ఉన్నది. ఒక మూల, మా ఊరి ఎడ్లబండి చక్రపు కుండ కంటె ఎన్నో రెట్లు పెద్దదైన గోధుమవన్నె డిప్ప ఒకటి కనబడినది. దాని క్రింద నుండి పొలుసుల కాలు ఒకటి మెల్లగా బయటికి వచ్చినది.

"వీడు నవాబు. పొద్దెక్కితే గాని లేవడు. లేచేసరికి అన్నీ ముందర ఉండాలి" అన్నది ఆపా.

నవాబు ఆఫ్రికా తాబేలు. సల్కాటా అని దాని పేరు. సహారా ఎడారి దక్షిణపు అంచున, సెనెగల్ మొదలు సూడాన్, ఇథియోపియాల వరకు గల ఎండు భూములు దాని పుట్టిల్లు. గాలపాగోస్, ఆల్డాబ్రా ద్వీపముల మహా తాబేళ్ళ తరువాత భూమిపై పెద్దది ఇదే. మా మనుమడికి ఎనిమిదేండ్ల వయస్సులో, 2009లో, పుట్టినరోజు కానుకగా కొన్నప్పుడు అది అరచేతిలో ఇమిడిపోయినదట. ఎక్కువ పెరగదని అమ్మినవాడు చెప్పాడట. మేము చూచునప్పటికి దాని బరువు 38 కిలోలు. ఇంకను పెరుగుచునే ఉన్నది. ఈ జాతి డెబ్బది ఏండ్లకు పైగా బ్రతుకగలదు. మనుమడు చదువు నిమిత్తము వేరొక ఊరికి వెళ్ళిపోయాడు. మేనల్లుడు, కోడలు ఉద్యోగములలో మునిగియున్నారు. నవాబు మా ఆపా చేతికి వచ్చాడు.

శీతల ప్రాంతములలోని కొన్ని తాబేళ్ళు శీతకాలమున నేలలో దూరి నిద్రపోయి వసంతమున మేల్కొనును. ఇంగ్లండులో గిల్బర్ట్ వైట్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు తన తోటలో ఇట్టి తాబేలునొకదానిని పెంచి, అది ఎప్పుడు నిద్రకు పోయెను, ఎప్పుడు లేచెను అని వ్రాసిపెట్టుకున్నాడు. దాని డిప్ప నేటికిని లండన్ నగరములోని నేచురల్ హిస్టరీ మ్యూజియములో ఉన్నది. కాని సల్కాటాకు ఆ నిద్ర తెలియదు. అది నేలలో పొడవైన బొరియలు త్రవ్వుకొనునది ఎండను తప్పించుకొనుటకే. దాని రక్తమునకు తన స్వంత వేడి లేదు. చుట్టునున్న గాలి ఎంతో అదియును అంతే. వెచ్చదనము లేనిచో తిన్నది అరగదు, కడుపులో కుళ్ళును. ముక్కులో నీరు చేరును. తాబేలుకు మనవలె దగ్గి శ్లేష్మమును బయటికి పంపు శక్తి లేదు కాబట్టి ఊపిరితిత్తుల జబ్బు దానికి ప్రాణాంతకము.

అందుచేత ఆ చెక్క గది గోడలకు లోపల దళసరి నురుగు పలకలు బిగించి, నూనె నింపిన విద్యుత్ హీటరు ఒకటి పెట్టి, వేడి తగ్గితే దానంతట అదే వెలుగునట్లు ఏర్పాటు చేశారు. పగలు ఒక మూల 35 డిగ్రీలు, రాత్రి ఎంత తగ్గినను 20కి పైన ఉండవలెను. ఎండలోని గుణము కొరకు ప్రత్యేకమైన దీపము. మేతకు ఎండుగడ్డి, పచ్చగడ్డి, ముళ్ళు తీసిన నాగజెముడు. పండ్లు, పప్పులు పనికిరావు. వారమునకు రెండుమార్లు గోరువెచ్చని నీటిలో నిలబెట్టవలెను. ఇదంతయు మా ఆపా ఒక పాత క్యాలెండరు వెనుక ఉర్దూలో వ్రాసి, గోడకు తగిలించుకొన్నది. మేము నిత్యము పదిమార్లు ఆ గదికి పోయివచ్చు ఆమెను చూచి, మోకాళ్ళ నొప్పి మాట అబద్ధమేమోనని కూడ శంకించాము.

వారము గడిచిన పిదప ప్రయాణము మాట ఎత్తాము. ఆమె ఔననలేదు, కాదనలేదు. మరి నాలుగు దినములకు మరల అడిగాము.

"నేను వస్తే వీడికి ఎవరు?"

"నీ కొడుకు, కోడలు ఉన్నారు కదా!"

"పొద్దున ఏడింటికి పోయి రాత్రి ఏడింటికి వచ్చేవాళ్ళు. సెలవు రోజున చూస్తారు. వీడికి సెలవు రోజున మాత్రమే చలి వేయదు కదా భాయ్."

ఎవరికైనా ఇచ్చివేయుడని మేనల్లునితో అన్నాము. అతడు అప్పటికే విచారించి ఉన్నాడు. ఆరిజోనా వంటి ఉష్ణ రాష్ట్రములలోని ఆశ్రయములు ఇట్టి తాబేళ్ళతో నిండియున్నవి. మనవలెనే ముచ్చటపడి కొని, పెరిగిన పిమ్మట వదిలించుకొన్నవారు అందరు ఉన్నారన్నమాట. వింత ఏమనగా, సహారా అంచున ఈ జాతి నానాటికి క్షీణించుచున్నది. అడవిలో పట్టినవాటిని వ్యాపారము కొరకు ఎగుమతి చేయుటను 2000లోనే అంతర్జాతీయ ఒప్పందము క్రింద నిలిపివేశారు. పుట్టింట లేమి, పరాయి ఇంట మిగులు.

మాకు కోపము వచ్చినది. ఒక తాబేలు కొరకు పుట్టిన ఊరు వదులుకొనుట ఏమి తెలివి అని అన్నాము. ఆపా లేచి గడ్డి వేయుటకు వెళ్ళిపోయినది. ఆ మాట ఇప్పుడు వ్రాయుచుండగా మాకే బాగుగా లేదు.

2021 ఫిబ్రవరి 14, ఆదివారము. మధ్యాహ్నము నుండి మంచు కురియసాగినది. ఆ రాత్రి తెల్లవారుజామున కరెంటు పోయినది. టెక్సాస్ అంతటా విద్యుత్ కేంద్రములు, గ్యాసు బావులు గడ్డకట్టుకొనిపోయి, 40 లక్షలకు పైగా ఇండ్లు, దుకాణములు చీకటిలో పడినవని తరువాత తెలిసినది. 16వ తేదీ ఉదయము డాలస్ విమానాశ్రయము వద్ద ఉష్ణోగ్రత సున్నకు దిగువన 19 డిగ్రీలకు పడిపోయినది. 1949 తరువాత అక్కడ అంతటి చలి లేదట. గార్లలో 12 డిగ్రీలకు దిగినచో రగ్గులు కప్పుకొని మంట చుట్టూ చేరు మా వంటివారికి అది ఊహకు అందని చలి.

కరెంటు పోయిన సంగతిని మొదట కనిపెట్టినది ఆపా. ఆమె కోటు తొడుగుకొనుచుండగా మాకు మెలకువ వచ్చినది. మేనల్లుడు, మేము టార్చి పట్టుకొని పెరటిలోకి దిగాము. చెక్క గదిలో వేడి అప్పుడప్పుడే తగ్గుచున్నది. నవాబు తల, కాళ్ళు లోపలికి లాగుకొని బండవలె ఉన్నాడు. 38 కిలోల బండను మంచుమీద మోయుట మా ఇద్దరి వశము కాలేదు. చివరకు బట్టలుతుకు ప్లాస్టిక్ తొట్టిలో కూర్చుండబెట్టి, దానికి త్రాడు కట్టి, ఈడ్చుకొనుచు ఇంటిలోనికి చేర్చాము. మేము రెండుమార్లు జారిపడ్డాము. నవాబు ఒక్కసారియు పడలేదు.

ఇల్లు కూడ చల్లబడుచునే ఉన్నది. కొలిమి గ్యాసుదే కాని, వేడిగాలిని త్రోయు పంకాకు కరెంటు కావలెను. సాయంత్రమునకు లోపల 9 డిగ్రీలు. ఆపా తన ఉన్ని శాలువను నవాబుపై కప్పినది. మేనల్లుడు తల అడ్డముగా ఆడించాడు.

"అమ్మీ, దుప్పటి మనకు వెచ్చగా ఉండేది మన ఒంట్లో వేడి ఉంది కాబట్టి. వాడి ఒంట్లో వేడి లేదు. దుప్పటి కప్పితే ఉన్న చలినే దాచిపెట్టినట్టు అవుతుంది."

అప్పుడు మాకొక ఉపాయము తోచినది. పెరటిలో మాంసము కాల్చుకొను ఇనుప పొయ్యి, ఒక బస్తా బొగ్గు ఉన్నవి. కుంపటి రాజేసి లోపల పెట్టుకొన్నచో మనకును, తాబేలునకును వెచ్చదనము కలుగునని అన్నాము. అని ఊరకుండక, వెళ్ళి బొగ్గు బస్తాను గుమ్మములోనికి తెచ్చాము కూడ.

ఆపా మా చేయి పట్టుకొన్నది. "అబ్బా ఏమనేవారు, మరిచావా?"

మా తండ్రిగారు ఇల్లెందు బొగ్గుగనులలో పనిచేశారు. 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గును కనుగొన్నదియు, 1889లో త్రవ్వకము మొదలైనదియు ఆ ఇల్లెందు ప్రాంతముననే. గనిలో పనిచేయువారికి వాసన లేని గాలి అనిన భయము. చలిరాత్రులలో ఎవరైనా తలుపులు మూసి కుంపటి పెట్టుకొన్నారని తెలిసినచో మా తండ్రిగారు వెళ్ళి తలుపు బాది తెరిపించేవారు. "పొగ కనబడితే పారిపోతావు. కనబడనిది నిద్రలోనే తీసుకుపోతుంది" అనేవారు. అరువదేండ్లు పైబడిన మేము ఆ మాట మరచాము, ఆపా మరువలేదు. ఆ వారములోనే టెక్సాస్‌లో ఇంటిలోపల బొగ్గు వెలిగించుకొని, మూసిన గ్యారేజీలో కారు నడుపుకొని పలువురు మరణించారని తరువాత పత్రికలలో చదివి, ఆ బస్తాను తలచుకొని వణికాము.

మిగిలినది నీరు. వంట గ్యాసును అగ్గిపుల్లతో వెలిగించవచ్చును. గాలి ఆడుటకు కిటికీ కొద్దిగా తెరచి, కుండలతో నీరు కాచి, ఖాళీ సీసాలలో నింపి, తువ్వాళ్ళు చుట్టాము. ఇంటి నడుమన బట్టలు పెట్టుకొను చిన్న గది ఉన్నది. దానికి బయటి గోడ లేదు. అందులో నవాబును ఉంచి, చుట్టును సీసాలు పేర్చి, అప్పుడు పైన శాలువ కప్పాము. ఇప్పుడు దుప్పటికి దాచుటకు వేడి దొరికినది. రెండు గంటలకొకసారి సీసాలు మార్చవలెను. తువ్వాలు లేకున్న డిప్ప కాలును. డిప్ప అనునది చొక్కా వంటిది కాదు, వెన్నెముక, ప్రక్కటెముకలు కలిసిపోయి ఏర్పడిన ఎముక. దానికి స్పర్శ తెలియును. మేత పెట్టరాదు, అరగదు కనుక.

రెండు రాత్రులు, మూడు పగళ్ళు ఇట్లు గడిచినవి. ఆపా ఆ గదిలోనే, తాబేలు ప్రక్కన గోడకు ఆనుకొని కూర్చున్నది. రెండవ రాత్రి మేము సీసాలు మార్చుటకు వెళ్ళినప్పుడు అలసట చేత నోరు జారి, "ఒక తాబేలు కోసం మనుషులము చావవలెనా?" అన్నాము. ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత తువ్వాలు సరిచేయుచు అన్నది:

"వీడు తనంతట తాను ఇక్కడికి రాలేదు భాయ్. మనమే తెచ్చాము."

ఆ మాట తాబేలును గురించి మాత్రమే అన్నదో, మరి దేనిని గురించియైనా అన్నదో మేము అడుగలేదు. ఆమె కూడ తనంతట తాను వచ్చినది కాదు. నవంబరు మొదలు మార్చి వరకు ఆ ఇంటిలో ఒక గదినుండి మరొక గదికి తిరుగు మనిషి. టార్చి వెలుతురులో శాలువ కప్పుకొనిన ఆ ఇద్దరిని చూచి సీసాలు పెట్టి బయటికి వచ్చాము. మరల ప్రయాణము మాట ఎత్తలేదు.

17వ తేదీ రాత్రి కరెంటు వచ్చినది. ఆ చలికి టెక్సాస్‌లో 246 మంది మరణించారని రాష్ట్ర ప్రభుత్వము తరువాత లెక్క తేల్చినది. దక్షిణమున సముద్ర తీరమున కొయ్యబారి తేలిన సముద్రపు తాబేళ్ళను స్వచ్ఛంద సేవకులు పడవలలోను, కార్లలోను తెచ్చి, పాడ్రే ద్వీపమున ఒక సభామందిరములో వేల సంఖ్యలో పరుండబెట్టి కాపాడారు. మా వంటి పిచ్చివారు ఒక ఇంటిలోనే లేరని ఆ ఛాయాచిత్రములు చూచి ధైర్యము తెచ్చుకొన్నాము.

నవాబు రెండు దినములు కన్ను తెరువలేదు. మూడవ దినమున ముక్కు వద్ద బుడగ కనబడినది. వైద్యుని వద్దకు తీసుకొనిపోగా ముందరి కాలి కండలో సూదిమందు ఇచ్చి, కొన్ని వారములు కొనసాగించవలెనని చెప్పాడు. ఆ సూదులు మేనల్లుడు వేశాడు. కాలు పట్టుకొన్నది మేము. మార్చి నడుమ ఒక ఎండ ఉదయమున నవాబు పెరటిలోనికి వచ్చి, మెడ సాచి, గడ్డి కొరికాడు. అది తెగిన చప్పుడు విని ఆపా నవ్వినది. ఏప్రిల్ మొదట మేము ఒక్కరమే గార్లకు తిరిగివచ్చాము. సున్నము వేయించిన ఇంటికి తాళము మేమే తీశాము.

విద్యార్థి మిత్రులారా! ఇది చదివి మీరు తాబేలును తెచ్చి పెంచుకొందురేమోనని భయము కూడ కలదు. మన చెరువులలోని తాబేలును గాని, బీళ్ళలోని నక్షత్ర తాబేలును గాని ఇంట ఉంచుకొనుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. అది ఉన్న చెరువులోనే దానిని ఉండనీయుడు. అయినను మనము జీవితములో అరచేతిలో ఇమిడిపోవు వాటిని ఎన్నింటినో ఇంటికి తెచ్చుకొందుము. తెచ్చునాడు దాని పూర్తి పరిమాణమును ఎవరిని అడిగి తెలుసుకొన్నాము, మన తరువాత దానిని ఎవరికి అప్పగింతుము అని ఒకమారు ఆలోచించుకొనుట మంచిది. ఈ రెండు ప్రశ్నలును మా ఇంట ఎవరును అడుగలేదు. పదకొండేండ్ల తరువాత మా ఆపా ఒక్కతెయే వాటికి జవాబు చెప్పవలసి వచ్చినది.

ఇప్పుడు ఆ చెక్క గదికి వేరుగా ఒక జనరేటరు ఉన్నది. మనుమడు చదువు ముగించి ఉద్యోగములో చేరి, తనకు ఇల్లు ఏర్పడగానే నవాబును తీసుకొనిపోవుదునని దాదీకి మాట ఇచ్చాడు. అప్పుడు వస్తానని ఆపా మాకు మాట ఇచ్చినది. గార్లలో చలికాలపు రాత్రి కరెంటు పోయినచో ఇప్పటికిని మాకు మెలకువ వచ్చును. అక్కడ అది పగలు కనుక వెంటనే ఫోను చేస్తాము. ఎట్లున్నావని మేము అడుగుటకు ముందే, నవాబు లేచినదియు లేనిదియు ఆమె చెప్పును.